ఆఫ్టర్ ఫరెవర్ చరిత్రను వింటూ తెలుసుకోవడం ఎలా

మన దగ్గర మెటల్ వినేవారు నెదర్లాండ్స్ సింఫనిక్ మెటల్‌లోకి, అంటే ఆర్కెస్ట్రా హంగు కలిపిన మెటల్ సంగీతంలోకి, సాధారణంగా పెరటి గుమ్మం గుండా అడుగుపెడతారు. ఎవరో పంపిన ఫిన్లాండ్ బృందం నైట్‌విష్ కచేరీ వీడియోలో డచ్ గాయని ఫ్లోర్ యాన్సెన్ గొంతు విని నివ్వెరపోతారు. లేదా ఎపికా అనే డచ్ బృందం పాట ఒకటి చెవిన పడి, వయొలిన్లూ బృందగానమూ గిటార్లూ ఒక్కసారిగా విరుచుకుపడేసరికి అక్కడే ఆగిపోతారు. ఆ రెండు దారుల్లో ఏది పట్టుకుని వెనక్కి నడిచినా చేరేది ఒకే చోటికి, అంటే ఆఫ్టర్ ఫరెవర్ అనే బృందం దగ్గరికి. 1995లో మొదలై 2009లో ముగిసిన ఈ బృందం విడుదల చేసినవి ఐదు పూర్తి ఆల్బమ్‌లు మాత్రమే కాబట్టి, శ్రద్ధ ఉన్నవారు రెండు మూడు వారాల్లో దాని చరిత్ర మొత్తాన్ని చెవితోనే చదవవచ్చు. ఆ పని ఏ వరుసలో చేయాలో, ఒక్కో చోట దేనిని పట్టించుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా నా అభిప్రాయం ఒకటి చెప్పి మొదలుపెడతాను, ఎందుకంటే నేను సూచించే వరుస దాని మీదే ఆధారపడి ఉంది. ఈ బృందంలో మొదటి నుంచీ రెండు కోరికలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వాద్యబృందం (ఆర్కెస్ట్రా), లాటిన్ బృందగానం, చర్చి గంభీరత వైపు లాగేది. రెండోది బరువైన గిటార్ల వైపు, మెలికలు తిరిగే నిర్మాణం వైపు, అంటే ప్రోగ్రెసివ్ మెటల్ వైపు లాగేది. ఒక్కో ఆల్బమ్‌లో తాడు ఎటు జరిగిందో గమనిస్తే చాలు, సభ్యులు ఎందుకు వెళ్లిపోయారో, కొత్త బృందాలు ఎందుకు పుట్టాయో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

వినే ముందు చేసుకోవలసినవి

మొదటిసారి నేను ఈ సంగీతాన్ని ఫోను స్పీకరులో విన్నాను. ఆడగొంతు ఒక్కటే పైన తేలింది, మిగిలినదంతా రేకుల షెడ్డు మీద వాన పడినట్లు వినిపించింది. ఇదేమి సంగీతం అనుకుని పక్కన పెట్టేశాను. తప్పు సంగీతానిది కాదు. ఈ పాటల్లో డబుల్ బేస్ డ్రమ్ము, కిందిస్థాయికి శృతి దించిన గిటార్లు, బేస్ గిటారు అన్నీ మంద్రస్థాయిలోనే ఉంటాయి, ఫోను స్పీకరు ఆ స్థాయిని వినిపించలేదు. మంచి హెడ్‌ఫోన్ అవసరం ఇక్కడ ఆడంబరం కాదు. ఖరీదైనదే కానక్కరలేదు, చెవులను పూర్తిగా కప్పేది ఏదైనా సరిపోతుంది.

రెండవది సాహిత్యం. పాటలన్నీ దాదాపుగా ఇంగ్లిష్‌లోనే ఉన్నా, విని పట్టుకోగలమనే ధీమా వద్దు. శాస్త్రీయ పద్ధతిలో పాడే తారస్థాయి గొంతులో అచ్చులు సాగి మాట కరిగిపోతుంది, మరోవైపు గ్రౌల్‌లో, అంటే గరగరమనే మగగొంతులో, హల్లులు మాత్రమే మిగులుతాయి. మొదటిసారి వినేటప్పుడు సాహిత్యం చూడకుండా, రెండోసారి తప్పనిసరిగా చూస్తూ వినడం మంచి పద్ధతి. మూడవది ఒక నోటు పుస్తకం. పాట పేరు, అందులో ఎవరెవరి గొంతులు వినిపించాయి, ఏ నిమిషం దగ్గర పాట నడక మారింది అన్న మూడు సంగతులు రాసుకుంటే చాలు. పది పాటలు దాటేసరికి ఆ పుస్తకమే చరిత్ర చెప్పడం మొదలుపెడుతుంది.

వెతకడంలో ఒక చిక్కు ఉంది. బ్లాక్ సబ్బత్ బృందం 1971లో విడుదల చేసిన ఆల్బమ్‌లో సరిగ్గా ఇదే పేరుతో ఒక పాట ఉంది. ఉత్త పేరు కొట్టి వెతికితే ముందు అదే ఎదురుకావచ్చు, అందుచేత బృందం పేరుకు ఆల్బమ్ పేరును కలిపి వెతకాలి. ఎపికా విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆ పేరుతో కామెలాట్ అనే అమెరికన్ బృందం 2003లో ఒక ఆల్బమ్ విడుదల చేసింది, డచ్ బృందం తన పేరును అక్కడి నుంచే తీసుకుంది.

మనుషుల పేర్లతో కూడా కొత్తవారు తికమకపడతారు. బృందాన్ని స్థాపించిన ఇద్దరిలో ఒకరైన గిటారిస్టు మార్క్ యాన్సెన్, గాయని ఫ్లోర్ యాన్సెన్ బంధువులు కారు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలైపోరని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు గాని, ఈ ఇద్దరినీ అన్నాచెల్లెళ్లనీ భార్యాభర్తలనీ రాసినవారిని నేను చూశాను. ఫ్లోర్ చెల్లెలు ఐరీన్ యాన్సెన్ కూడా గాయనే. ఏరియన్ అనే డచ్ రాక్ ఆపెరా వంటి ప్రాజెక్టులలో ఆమె గొంతు వినిపిస్తుంది. తర్వాత వచ్చిన గిటారిస్టు పేరు బాస్ మాస్. పేరు అలా ఉన్నా ఆయన వాయించేది బేస్ కాదు. బేస్ గిటారు ల్యూక్ వాన్ గెర్వెన్‌ది, ఆయన చివరి వరకూ బృందంలోనే ఉన్నారు.

చెవిని మూడు పొరలకు అలవాటు చేయడం

ఒక పాటను మూడుసార్లు, మూడు రకాలుగా వినాలి. మొదటిసారి ఫ్లోర్ గొంతు వెంటే నడవాలి. ఆమె ఒకే పాటలో ఆపెరా గాయనిలా తల పైభాగం నుంచి పలికే స్వరంతో పాడి, మరుసటి చరణంలోనే రాక్ గాయనిలా ఛాతీ నుంచి పలికే స్వరానికి దిగుతారు. ఆ మార్పు జరిగే చోట నోటు పుస్తకంలో గీత పెట్టండి. మొదటి ఆల్బమ్‌లో ఆ గీతలు అరుదుగా పడతాయి, చివరి ఆల్బమ్‌లో ప్రతి పాటలోనూ పడతాయి. ఒక గాయని పెరుగుదలను కొలవడానికి ఇంతకంటే తేలికైన సాధనం నాకు తెలియదు.

రెండోసారి గరగరమనే మగగొంతు వెంట వెళ్లాలి. ప్రపంచంలో చాలాచోట్ల గ్రౌల్ అనే ఈ పద్ధతిని డచ్ మెటల్ వారు గ్రంట్ అనడం పరిపాటి. ఇది ఉత్త అరుపు కాదు. గొంతును అదుపులో పెట్టుకుని, ఊపిరిని పొట్ట నుంచి నెట్టి, లయకు కట్టుబడి చేసే ఉచ్చారణ ఇది. పాటలో దాని పని ఏమిటో అడగండి. అది గాయనికి ఎదురు వాదిస్తోందా, వంత పాడుతోందా, లేక ఆమె మనసులోని చీకటి మాటను బయటపెడుతోందా? బుర్రకథలో కథకుడికి ఇటొకరు అటొకరు నిలబడి ఒకరు ప్రశ్నించి, ఒకరు హాస్యమాడే పద్ధతి ఎరిగిన చెవికి ఈ గొంతుల పంపకం అంత కొత్తగా అనిపించదు.

మూడోసారి గొంతులన్నిటినీ మరచి డ్రమ్ములను పట్టుకోవాలి. ప్రోగ్రెసివ్ అనే మాటకు అర్థం తెలిసేది ఇక్కడే. సామాన్యమైన రాక్ పాట నాలుగు లెక్కలో నడుస్తుంది. ప్రోగ్రెసివ్ సంగీతం ఐదు, ఏడు లెక్కలలోకి జారి మళ్లీ నాలుగుకు వస్తుంది. పాశ్చాత్యులు వేళ్లు మడిచి తంటాలు పడే ఈ లెక్క మన వారికి ముందే చేతిలో ఉంది. ఏడు అక్షరాల చోట మిశ్రచాపు, అంటే తకిట తకధిమి. ఐదు అక్షరాల చోట ఖండచాపు, అంటే తక తకిట. తొడ మీద చెయ్యి వేసి నాలుగు లెక్కలో తాళం వేస్తూ ఉండండి. ఒక చోట మీ చెయ్యి, వారి స్నేర్ డ్రమ్ము విడిపోతాయి. అక్కడ పాట ఆపి, అరనిమిషం వెనక్కి వెళ్లి, ఈసారి తకిట తకధిమితో ప్రయత్నించండి. అది కుదరకపోతే తక తకిటతో చూడండి. అయితే ఆఫ్టర్ ఫరెవర్ ఈ విషయంలో మరీ గణితం చేసే బృందం కాదని ముందే చెప్పాలి. వీరి ప్రోగ్రెసివ్ స్వభావం తాళంలో కంటే పాట కట్టుబడిలో ఎక్కువగా ఉంటుంది. పల్లవి తిరిగి వస్తుందని ఎదురుచూసిన చోట రాదు, వచ్చినా కొత్త గొంతుతో వస్తుంది, ముగిసిందనుకున్న పాటకు ఇంకో గది తలుపు తెరుచుకుంటుంది.

మొదటి ఆల్బమ్‌తో మొదలుపెట్టకండి

కాలక్రమంలో వినాలనే ఆరాటం సహజమే గాని, నా సలహా 2001 డిసెంబరు చివరలో వచ్చిన రెండో ఆల్బమ్ డిసైఫర్‌తో ఆరంభించమని. నేను చెప్పిన తాడు రెండు వైపులా సమానంగా బిగిసి ఉన్న ఆల్బమ్ అదొక్కటే. మార్క్ యాన్సెన్, సాండర్ గోమన్స్ ఇద్దరూ అందులో గిటారిస్టులు, ఇద్దరూ రచయితలు, ఇద్దరూ గ్రంట్ చేస్తారు. అంతకు ముందు కీబోర్డుతో నెట్టుకొచ్చిన చోట ఇక్కడ నిజమైన శాస్త్రీయ వాద్యాలు, పూర్తి బృందగానం ఉన్నాయి. ఎక్స్ కథీడ్రా అనే చిన్న నాందితో ఆల్బమ్ మొదలై, వెంటనే మోనోలిత్ ఆఫ్ డౌట్ వస్తుంది. మూడున్నర నిమిషాల ఆ పాటను మూడు పొరల అభ్యాసానికి మొదటి పాఠంగా పెట్టుకోవచ్చు, ఎందుకంటే అందులో అన్నీ ఉన్నాయి, ఏదీ ఎక్కువసేపు లేదు.

అదే ఆల్బమ్‌లో ఇంపర్‌ఫెక్ట్ టెన్సెస్ దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చోండి. ఇంగ్లండుకు చెందిన డేమియన్ విల్సన్ అనే గాయకుడు ఫ్లోర్‌తో కలిసి పాడిన నెమ్మదైన పాట ఇది. విల్సన్ ప్రోగ్రెసివ్ మెటల్ శ్రోతలకు థ్రెషోల్డ్ బృందం ద్వారా పరిచితులు. ఈ పాటలో గ్రంట్ లేదు, గిటార్ల దాడి లేదు, తీగవాద్యాల మీద రెండు గొంతులు తేలుతూ ఉంటాయి. నా పుస్తకంలో ఈ పాట ఎదురుగా "ఇద్దరూ ఒకరికొకరు చోటు ఇచ్చుకుంటున్నారు" అని రాసుకున్నాను. ఫ్లోర్‌కు అప్పటికి 20 ఏళ్లు. చుట్టూ ఇంత భారీ సామగ్రి ఉన్న బృందం ఒక పాటలో ఇంత ఖాళీని ధైర్యంగా వదిలిపెట్టగలగడమే వారి పరిణతికి గుర్తని నేను అనుకుంటాను.

డిసైఫర్‌ను వారం రోజులు విన్నాక అప్పుడు వెనక్కి, 2000లో వచ్చిన ప్రిజన్ ఆఫ్ డిజైర్‌కు వెళ్లండి. ఇప్పుడు దాని లోపాలు విసిగించవు, బాల్యచిత్రం చూసినట్లు ఉంటాయి. జర్మనీ సరిహద్దును ఆనుకుని ఉన్న లింబర్గ్ రాష్ట్రంలోని రూవర్ అనే చిన్న ఊళ్లో 1995లో సాండర్, మార్క్ ఈ బృందాన్ని అపోకలిప్స్ అనే పేరుతో ప్రారంభించినప్పుడు వాయించింది డెత్ మెటల్, అంటే గ్రౌల్ ప్రధానంగా సాగే కటువైన మెటల్. 1997లో 16 ఏళ్ల ఫ్లోర్ చేరిన తర్వాతే బృందం నడక మారింది, పేరు కూడా కొత్తది వచ్చింది. 1999లో రెండు డెమోలు (నమూనా రికార్డింగులు), ఆ వెంట ట్రాన్స్‌మిషన్ రికార్డ్స్ అనే డచ్ సంస్థతో ఒప్పందం, మరుసటి ఏడాది ఈ ఆల్బమ్. డెత్ మెటల్ పునాది మీద చర్చి గోపురం కట్టినట్లు ఉండే దీని నిర్మాణం ఆ క్రమం నుంచే వచ్చింది. పునాది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. యూప్ బెకర్స్ డ్రమ్ములు, జాక్ డ్రీసెన్ కీబోర్డులు ఈ ఒక్క ఆల్బమ్‌కే పరిమితం. డిసైఫర్ నాటికి వారి స్థానాల్లో ఆంద్రే బోర్గ్‌మన్, లాండో వాన్ గిల్స్ వచ్చారు. రెండు ఆల్బమ్‌ల డ్రమ్ములను వెంటవెంటనే వింటే మనిషి మారిన సంగతి చెవికే తెలుస్తుంది.

ప్రిజన్ ఆఫ్ డిజైర్ చివరి పాట బియాండ్ మీ దగ్గర వితిన్ టెంప్టేషన్ గాయని షారన్ డెన్ ఆడెల్ అతిథిగా వచ్చి ఫ్లోర్‌తో కలిసి పాడతారు. దీనిని ఆనాటి డచ్ రంగానికి కిటికీగా వాడుకోండి. 1995లో ది గ్యాదరింగ్ బృందం ఆనెకె వాన్ గియర్స్‌బెర్గెన్ గొంతుతో మాండిలియన్ విడుదల చేసింది. అదే ఏడాది ఆర్యెన్ లూకాసెన్ ఏరియన్ పేరుతో తన మొదటి రాక్ ఆపెరాను తెచ్చారు. 1997లో వితిన్ టెంప్టేషన్ తొలి ఆల్బమ్ వచ్చింది. చిన్న దేశం, దగ్గర దగ్గర ఊళ్లు, ఒకరి రికార్డింగులో ఇంకొకరు పాడటం మామూలు విషయం. 1999లో టిల్‌బర్గ్‌లో రాక్ అకాడమీ ప్రారంభమైనప్పుడు అక్కడ చేరిన తొలి విద్యార్థుల్లో ఫ్లోర్ ఒకరు. రాక్ సంగీతాన్ని కళాశాల చదువుగా చదివిన తరం అది, ఆ క్రమశిక్షణ డిసైఫర్‌లో వినిపిస్తుంది.

చీలిన చోట రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన పెట్టడం

2002లో మార్క్ యాన్సెన్ బృందాన్ని వీడారు. కారణం సంగీత దిశ మీద అభిప్రాయభేదం. ఆయన మనసు సినిమా సంగీతం వంటి వాద్యబృంద వైభవం వైపు, మిగిలినవారి మనసు మరో వైపు ఉంది. ఆయన సహారా డస్ట్ అనే పేరుతో కొత్త బృందాన్ని మొదలుపెట్టారు, కొద్దికాలానికే సిమోన్ సిమన్స్ గాయనిగా చేరారు, పేరు ఎపికాగా మారింది. తెగిన తాడు రెండు కొసలనూ ఇప్పుడు మీరు విడివిడిగా వినగలరు. ఎపికా తొలి ఆల్బమ్ ది ఫాంటమ్ ఆగనీ 2003లో వచ్చింది, ఆఫ్టర్ ఫరెవర్ మూడో ఆల్బమ్ ఇన్‌విజిబుల్ సర్కిల్స్ 2004లో వచ్చింది. ఒక సాయంత్రం ఒకటి, మరుసటి సాయంత్రం ఇంకొకటి వినండి. డిసైఫర్‌లోని బృందగానమూ లాటిన్ గంభీరతా మొదటిదాంట్లోకి, కోణాలు తిరిగిన గిటార్లూ ఎదురుచూడని మలుపులూ రెండోదాంట్లోకి వెళ్లిపోయినట్లు స్పష్టంగా తెలుస్తుంది. అన్నదమ్ముల వాటాల పంపకంలో ఎవరికి ఏ గది వచ్చిందో చూసినట్లు ఉంటుంది.

ఈ చీలికను ఇంకా దగ్గరగా చూడాలనుకునేవారికి ఒక ప్రత్యేక అభ్యాసం సూచిస్తాను. మార్క్ యాన్సెన్ మతవ్యవస్థల వల్ల మనుషులకు జరిగే హాని మీద ఒక పాటల వరుసను రాయడం మొదలుపెట్టారు. దాని పేరు ది ఎంబ్రేస్ దట్ స్మదర్స్, అంటే ఊపిరి సలపనివ్వని కౌగిలి. మొదటి మూడు భాగాలు ప్రిజన్ ఆఫ్ డిజైర్‌లో లెడెన్ లెగసీ, ఫాలో ఇన్ ది క్రై, యీల్డ్ టు టెంప్టేషన్ అనే పాటలుగా ఉన్నాయి. నాలుగు, ఐదు, ఆరు భాగాలు ఎపికా తొలి ఆల్బమ్‌లో క్రై ఫర్ ది మూన్, ఫసాడ్ ఆఫ్ రియాలిటీ, సైఫ్ అల్ దీన్‌గా వచ్చాయి. మిగిలిన మూడూ 2007లో ఎపికా విడుదల చేసిన ది డివైన్ కాన్‌స్పిరసీలో ఉన్నాయి. ఈ తొమ్మిది పాటలనూ వరుసగా ఒక జాబితాగా చేసుకుని వినండి. మూడో పాట ముగిసి నాలుగోది మొదలయ్యే చోట బృందం మారుతుంది, గాయని మారుతుంది, రికార్డింగు తీరు మారుతుంది, కాని ఆలోచన తెగదు. ఒకరి ఇంట్లో మొదలైన కథ ఇంకొకరి ఇంట్లో పూర్తయిన ఈ సందర్భం వంటిది మెటల్ చరిత్రలో నేను అరుదుగానే చూశాను.

ఇన్‌విజిబుల్ సర్కిల్స్‌కు ముందు 2003లో ఎక్సార్డియమ్ అనే చిన్న రికార్డు వచ్చింది. అది రాబోయే ఆల్బమ్‌కు ఉపోద్ఘాతం. ఐరన్ మెయిడెన్ పాట ఒకటి వీరి పద్ధతిలో వినిపించడం తప్ప దాని దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

అసలు ఆగవలసింది ఇన్‌విజిబుల్ సర్కిల్స్ దగ్గర. ఆరంభం నుంచి చివరి వరకూ ఒకే కథ చెప్పే ఆల్బమ్ ఇది. రాక్షసులూ రాజ్యాలూ దేవతలూ ఉండే కథ కాదు, ఒక ఇంటి కథ. పొసగని దంపతులు, వారి మధ్య కోరుకోకుండా పుట్టిన బిడ్డ, మాటలతో జరిగే హింస, ఆ హింస నుంచి తప్పించుకోవడానికి టీవీ తెరలోనూ కంప్యూటరు తెరలోనూ తలదాచుకునే బాల్యం. చివరికి పెద్దయిన బిడ్డ కూడా అదే వలయంలో తిరుగుతుందన్న సూచన పేరులోనే ఉంది. ఇంటి గుట్టు గడప దాటకూడదని పెరిగిన సమాజాలకు ఈ కథ ఎంత దగ్గరిదో నేను చెప్పనక్కరలేదు. సింఫనిక్ మెటల్ ఎక్కువగా పురాణాల వైపూ ఊహాలోకాల వైపూ చూస్తున్న రోజుల్లో భోజనాల బల్ల దగ్గరి గొడవను ఆల్బమ్‌గా చేయడం సాహసం.

దీనిని వినే పద్ధతి వేరు. పాటల క్రమం మార్చకూడదు, మధ్యలో ఆపకూడదు, మొదటిసారే సాహిత్యం ఎదురుగా పెట్టుకోవాలి. ఆల్బమ్‌లో అక్కడక్కడ భార్యాభర్తల గొడవ పాటగా కాక మాటలుగానే వినిపిస్తుంది. కొందరు విమర్శకులకు అది నాటకీయంగా, అతిగా తోచింది. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని రెండోసారి హెడ్‌ఫోన్‌లో వింటున్నప్పుడు గమనించినదేమిటంటే, ఆ మాటలు పాట శబ్దంతో పోటీ పడవు, పక్క గదిలో నుంచి వచ్చినట్లు ఉంటాయి. వినేవాడిని ఆ బిడ్డ ఉన్న చోట కూర్చోబెడుతున్నారు. అప్పటి నుంచి ఆ భాగాలను దాటవేయడం మానేశాను. గొంతుల పంపకం కూడా ఇక్కడ కొత్తది. గ్రంట్ భారం సాండర్ మీద పడింది, మార్క్ స్థానంలో వచ్చిన బాస్ మాస్ మామూలు మగగొంతుతో పాడటంతో మూడో రంగు చేరింది. గ్రంట్ వినిపించినప్పుడల్లా అది ఎవరి కోపమో సాహిత్యంలో చూసి రాసుకోండి. మధ్యలో ఎక్సెంట్రిక్ అనే పాట పియానో మీద నెమ్మదిగా నడుస్తుంది. చుట్టూ ఉన్న రభస నుంచి ఆ ఒక్క పాటలోకి వచ్చినప్పుడు గది తలుపు వేసుకున్నట్లు ఉంటుంది.

ఐదింటిలో ఇది అన్నిటికంటే కష్టమైన ఆల్బమ్, నా దృష్టిలో అన్నిటికంటే గొప్పది కూడా. కొత్తవారికి దీనిని మొదటగా ఇవ్వవద్దు. ఇచ్చి ఇద్దరు స్నేహితులను ఈ సంగీతానికి శాశ్వతంగా దూరం చేసిన అనుభవంతో చెబుతున్నాను.

చివరి రెండు ఆల్బమ్‌లు

2004లో లాండో వాన్ గిల్స్ వెళ్లిపోయి యోస్ట్ వాన్ డెన్ బ్రూక్ కీబోర్డుల దగ్గరకు వచ్చారు. ఆయన అంతకు ముందు సన్ కేజ్డ్ అనే ప్రోగ్రెసివ్ మెటల్ బృందంలో ఉన్నారు. 2005 నాటి రీమాజిన్ వినేటప్పుడు గిటార్లను కాసేపు వదిలి ఆయన వేళ్లనే వెంబడించండి. అంతవరకూ ఈ బృందంలో కీబోర్డు పని ఎక్కువగా వెనుక నిలబడి వాద్యబృందంలా నటించడం. యోస్ట్ చేతిలో అది గిటారుతో సమానంగా ముందుకొచ్చి మాట్లాడుతుంది. పాటలు పొట్టివయ్యాయి, పల్లవులు సూటిగా ఉన్నాయి, మొత్తాన్ని కలిపే కథ లేదు. గంభీరమైన ఆల్బమ్ తర్వాత వచ్చినందువల్ల దీనిని తేలికగా తీసేసినవారు ఉన్నారు. అది న్యాయం కాదనిపిస్తుంది. బీయింగ్ ఎవ్రీవన్ వంటి పాటను నాలుగు నిమిషాల లోపల ముగించడం కూడా ఒక విద్యే. నాలాగా తాళం లెక్కలకు అలసిపోయినవారు ఈ ఆల్బమ్‌తో ఊపిరి తీసుకోవచ్చు.

2006లో బృందం ట్రాన్స్‌మిషన్‌ను వదిలి జర్మనీకి చెందిన న్యూక్లియర్ బ్లాస్ట్‌తో ఒప్పందం చేసుకుంది. ప్రపంచమంతటా మెటల్ పంపిణీ చేసే సంస్థ అది, దానితో వనరులు పెరిగాయి. 2007 ఏప్రిల్‌లో బృందం పేరుతోనే వచ్చిన ఐదో ఆల్బమ్‌లో ప్రాగ్ నగర ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం వాయించింది, కెనడా గిటారిస్టు జెఫ్ వాటర్స్, జర్మన్ గాయని డోరో పెష్ అతిథులుగా వచ్చారు. శబ్దం పరంగా ఐదింటిలోకీ ఇదే పరిశుభ్రమైనది. ఇక్కడ వినవలసింది డ్రీమ్‌ఫ్లైట్. సుమారు 11 నిమిషాల ఆ పాటలో తాడు రెండు కొసలూ మళ్లీ కలుస్తాయి, వాద్యబృందం అలంకారంగా కాక పాట నిర్మాణంలో భాగంగా ఉంటుంది. దానిని వినేటప్పుడు నోటు పుస్తకంలో నిమిషాల వారీగా గుర్తులు పెట్టుకోండి. ఎన్ని గదులు దాటారో లెక్కపెడితే మీ చెవి ఎంత సాధించిందో కూడా తెలుస్తుంది. సరిగ్గా ఆ ఏడాదే ఎపికా ఆల్బమ్‌తో మార్క్ తన తొమ్మిది పాటల వరుసను ముగించారన్నది గుర్తు పెట్టుకుని రెండింటినీ పోల్చండి.

ఆ తర్వాత కొత్త ఆల్బమ్ రాలేదు. సాండర్ గోమన్స్ తీవ్రమైన అలసటతో 2008లో విరామం తీసుకోవలసి వచ్చింది, బృందం ఆగింది. 2009 ఫిబ్రవరిలో రద్దు ప్రకటన వెలువడింది. అపోకలిప్స్ రోజుల నుంచి ఉన్న స్థాపకుడు లేకుండా కొనసాగడం కష్టమేనని ఐదు ఆల్బమ్‌లూ విన్నవారికి వివరించనక్కరలేదు.

కొమ్మలను అనుసరించడం

బృందం ముగిసినా చరిత్ర ముగియదు కాబట్టి, ఒక్కొక్కరిని ఒక్కో పాటతో వెంబడించండి. ఫ్లోర్ రీవాంప్ అనే బృందాన్ని స్థాపించారు. దాని తొలి ఆల్బమ్ 2010లో, రెండోది 2013లో వచ్చాయి. గ్రంట్ కూడా తానే చేసిన పాటలు అందులో ఉన్నాయి. ఆఫ్టర్ ఫరెవర్‌లో ఇద్దరు మనుషుల మధ్య జరిగిన సంవాదం ఇప్పుడు ఒకే గొంతులో జరుగుతుంది. 2012 అక్టోబరులో నైట్‌విష్ అమెరికా పర్యటన మధ్యలో గాయని మారవలసి వచ్చినప్పుడు, ఫ్లోర్ అతి తక్కువ వ్యవధిలో పాటలు నేర్చుకుని సియాటిల్‌లో వేదిక ఎక్కారు. మరుసటి ఏడాది శాశ్వత సభ్యురాలయ్యారు. ఆ పాటలు ఇంకొకరి గొంతు కోసం రాసినవి. అయినా శాస్త్రీయ గొంతుతోనూ రాక్ గొంతుతోనూ వాటిని పాడగలగడానికి కారణం మీ నోటు పుస్తకంలో మీరు పెట్టిన గీతలే చెబుతాయి. 2019లో డచ్ టెలివిజన్ కార్యక్రమం బెస్టే జాంగర్స్ ఆమెను మెటల్ వినని డచ్ ఇళ్లలోకి కూడా తీసుకువెళ్లింది.

యోస్ట్ వాన్ డెన్ బ్రూక్ రికార్డింగు గదిలో స్థిరపడ్డారు. 2014 నాటి ది క్వాంటమ్ ఎనిగ్మా మొదలుకొని ఎపికా ఆల్బమ్‌ల నిర్మాత ఆయనే, అంటే ఆఫ్టర్ ఫరెవర్ నుంచి విడిపోయిన మార్క్ పాటలను ఆఫ్టర్ ఫరెవర్ చివరి కీబోర్డు వాద్యకారుడే తీర్చిదిద్దుతున్నారు. జాక్ డ్రీసెన్ మార్క్‌తో కలిసి మాయన్ అనే బృందంలో పనిచేశారు. బాస్ మాస్ డోరో బృందంలో గిటారు పట్టుకున్నారు. 2007 ఆల్బమ్‌లో ఆమె అతిథిగా పాడినది విన్నవారికి ఆ దారి ఎక్కడ మొదలైందో ముందే తెలుసు.

అన్నీ అయ్యాక వినవలసిన రికార్డు ఒకటి మిగులుతుంది. 2013 మార్చి 23న ఐండ్‌హోవెన్‌లోని క్లాక్‌గెబౌ అనే పాత కర్మాగార భవనంలో ఎపికా తన పదేళ్ల పండుగను వాద్యబృందంతో, బృందగానంతో జరుపుకుంది. అది రెట్రోస్పెక్ట్ పేరుతో విడుదలైంది. అందులో ఒకచోట ఫ్లోర్ యాన్సెన్ వేదిక మీదికి వచ్చి సిమోన్ సిమన్స్‌తో కలిసి ఇటలీ స్వరకర్త పెర్గొలేసీ స్వరపరచిన స్తబాత్ మాతెర్ అనే క్రైస్తవ స్తోత్రం పాడతారు. మెటల్ గిటార్లు ఆగిపోతాయి, మార్క్ వెళ్లిన తర్వాత వేరు వేరు దారుల్లో నడిచిన రెండు బృందాల గాయనులు 18వ శతాబ్దపు పాటను పంచుకుంటారు. సాహిత్యం లాటిన్‌లో ఉంది, చూసుకోనక్కరలేదు. పై స్వరం ఎవరిది, కింది స్వరం ఎవరిది అన్నది కళ్లు మూసుకుని చెప్పడానికి ప్రయత్నించండి, ఆ తర్వాతే వీడియో చూడండి.